నక్షత్రముల మచ్చలు – చిన్న దూరదర్శినులు

చంద్రునికి మచ్చ కలదని శిశువునకును తెలియును. సూర్యునికి మచ్చలున్నవనిన నేడెవరును ఆశ్చర్యపడరు. కాని సూర్యుని మచ్చలకంటె అనేక రెట్లు పెద్దవైన మచ్చలు గల నక్షత్రములున్నవని మన విద్యార్థులలో ఎందరెరుగుదురు?

కేనస్ వెనాటిసి మండలమున ఆర్.ఎస్. అను జంట నక్షత్రము కలదు. ఆ రెండును 4.8 దినములకొకమారు ఒకదానినొకటి చుట్టివచ్చును. ఒకటి వేరొకదానికి అడ్డువచ్చినపుడు వెలుగు తగ్గుటలో వింత లేదు. అడ్డు లేని వేళ గూడ వెలుగు అలవలె హెచ్చి తగ్గుటయే వింత. పైగా ఆ అల యేటేట చోటు మార్చుకొనుచుండును. ఇందుకు మచ్చలే కారణమని డగ్లస్ హాల్ 1972లో సూచించి, 1976లో ఇట్టి జంటలనన్నిటిని ఒక తరగతిగా చేర్చెను.

చేరువనున్న జంటలో పరస్పరాకర్షణ వలన నక్షత్రము తన చుట్టు తాను తిరుగు కాలమును, జోడు చుట్టు తిరుగు కాలమును ఒకటగును. సూర్యునికి ఒక భ్రమణమునకు సుమారు 25 దినములు పట్టగా వీనికి కొద్ది దినములే చాలును. ఆ వేగమును, లోపలి వాయువుల పొరలాటయు కలిసి బలమైన అయస్కాంత క్షేత్రమును పుట్టించును. పైకి వచ్చు వేడిని అది అడ్డగించిన తావు చల్లబడి నల్లగ కనిపించును.

ఇక మా వాదము. ఈ మచ్చలు ఒక రాత్రిలో తెలియవచ్చునవి కావు. వానికి దశాబ్దములు కావలెను. మహా దూరదర్శినులపై ఒక పరిశోధకునికి దొరకు రాత్రులు బహు స్వల్పము. ఉస్మానియా విశ్వవిద్యాలయము వారి జపాల్-రంగాపూర్ వేధశాలలో 1968లో నెలకొన్న 48 అంగుళముల దూరదర్శినితో మన పరిశోధకులు ఇట్టి జంటల వెలుగును ఓపికతో కొలిచిరి. 2009లో ప్రయోగింపబడిన కెప్లర్ అంతరిక్ష దూరదర్శిని అంతకంటె ఎంతో సూక్ష్మముగ కొలిచినమాట నిజమే. కాని అది తన తొలి క్షేత్రమును చూచినది నాలుగేండ్లే. గడచిన రాత్రి వెలుగును ఎంత ధనము పోసినను మరల కొలువలేము. కావున చిన్న దూరదర్శినులను పాత ఇనుముగ నెంచు ధోరణిని మేము అంగీకరింపజాలము.

మన ఉర్దూ మిత్రులకు 'గూల్' అను మాట పరిచితమే. ఆల్గాల్ తార పేరు ఆ అరబ్బీ పదము నుండియే వచ్చినది. దాని జోడులో మసకయైనదియు చల్లనిదై, వేగముగ తిరుగుచు, అయస్కాంత చర్య గలదే. 2 దినముల 20 గంటల 49 నిమిషములకొకమారు ఆల్గాల్ మసకబారుట ఏ పరికరము లేకయే కానవచ్చును. శీతకాలమున కళాశాల మేడపై ఒక దస్త్రము తెరచి ఆ వేళలను వ్రాసియుంచవలెనని భౌతికశాస్త్ర విభాగమును కోరుచున్నాము. పేర్లు ఉర్దూలో వ్రాసినను, తెలుగులో వ్రాసినను సరే, అంకెలు మాత్రము తప్పరాదు.