సంతకానికి ముందు గాలీ వెలుతురూ రాయించుకుందాం

మన కామాటిపురా పదిహేను గల్లీల పునర్నిర్మాణం రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడా చేతికొచ్చాక ఎక్కడ నలుగురు కూడినా ఒకటే లెక్క: ఇంటికి ఎన్ని చదరపు అడుగులు? చీకటి ఖోలీలో మూడు తరాలు కాపురం చేసినవాళ్లకు అది చిన్న మాటేమీ కాదు. కానీ ఆ ఒక్క అంకె చూసి సమ్మతి పత్రం మీద సంతకం పెడితే పెద్ద ఇంటితో పాటు క్షయ కూడా లోపలికొస్తుంది. గోవండి, మాన్‌ఖుర్ద్‌లలో జరిగింది అదే. అక్కడి మూడు పునరావాస కాలనీలను డాక్టర్స్ ఫర్ యు సంస్థ, ఐఐటీ బొంబాయి పరిశోధకులు కలిసి పరిశీలించారు. లల్లూభాయ్, నట్వర్ పారేఖ్ కాంపౌండ్లలో భవనానికీ భవనానికీ మధ్య మూడే మీటర్లు. కింది అంతస్తుల్లో పగలే బల్బు వెయ్యాలి. క్షయ ఆ రెండు చోట్లా విపరీతం, ఎడం ఎక్కువున్న పీఎంజీ కాలనీలో చాలా తక్కువ.

పేదరికం వల్ల వచ్చే జబ్బును గోడల మీదికి నెట్టడమేమిటని కొందరంటారు. పేదరికం కారణమే, కాదనం. అయితే ఆ మూడూ పునరావాస కాలనీలే. అదీగాక రోగం ఎండ పడని కింది అంతస్తుల్లోనే ఎక్కువ. క్షయ క్రిమి గాలిలో తేలుతుంది. గాలి కదిలితే పలచబడుతుంది, ఎండ తగిలితే చస్తుంది. కిటికీ ఎదుటి గోడకే తెరుచుకుంటే రెండూ జరగవు. ఎడం అడిగితే బిల్డరు పారిపోతాడన్నది ఇంకో భయం. ముంబై నడిబొడ్డున ఇంత భూమిని వదులుకునే బిల్డరుంటే చూడాల్సిందే! బిల్డరు అమ్ముకునే టవరుకు దొరికే ఎడం మన టవరుకు ఎందుకు దొరకదు? డిసెంబరు మధ్యాహ్నం రెండో అంతస్తు వంటగదిలో ఎండ ఎంతసేపుంటుందో ఇవాళ కంప్యూటరు మీద ముందే లెక్క తీయొచ్చు. ఆ లెక్క నక్షాతో పాటు మన చేతికి రావాలి.

కూల్చే రోజులకూ షరతు కావాలి. పాత గోడ పగిలితే లేచే సిలికా దుమ్ము ఊపిరితిత్తులను గట్టిపరుస్తుంది. అలాంటి ఊపిరితిత్తుల్లో క్షయ సులువుగా పాగా వేస్తుంది. ఆస్బెస్టాస్ రేకులను సుత్తితో పగలగొట్టకూడదు. తడిపి, బోల్టులు విప్పి, ముక్కలు కాకుండా దించాలి. పాత రంగు పొరల్లో సీసం ఉంటే అది రాలి మట్టిలో కలుస్తుంది, మట్టిలో ఆడే పిల్లల నోట్లోకి పోతుంది. ఎకరం దాటిన స్థలానికి 35 అడుగుల రేకుల అడ్డు కట్టాలని, దుమ్ము లేవకుండా నీళ్లు చల్లాలని మున్సిపాలిటీ 2023లోనే చెప్పింది. నిజాం రాజ్యం నుంచి వచ్చి ఈ నగరపు రాళ్లు మోసిన కామాటీల మనవళ్లం, దుమ్ము సంగతి మనకెవరూ నేర్పక్కర్లేదు.

కాబట్టి సమ్మతి పత్రం మీ గుమ్మంలోకి వచ్చినప్పుడు మూడు కాగితాలు అడగండి: భవనాల మధ్య ఎడం మీటర్లలో, అంతస్తువారీ వెలుతురు లెక్క, కూల్చివేత ముందు ఆస్బెస్టాస్, సీసం, మట్టి పరీక్షల ఫలితాలు. అవి ఒప్పందంలో భాగమయ్యాకే సంతకం. నోటిమాట చాలంటే, పత్రం వెనక్కి పంపండి.