గులాబి పరాయి పువ్వా?

ఈ మధ్య సాహిత్యసభలలో ఒక వాదం తరచుగా వినవస్తున్నది. గులాబి మన పువ్వు కాదట. మన కావ్యాలలో లేదట. పేరు సైతం పారసీకమట. తెలుగువాని పెరట్లో మల్లె, జాజి, పారిజాతం ఉండవలెను గాని "వాళ్ళ పువ్వు" ఎందుకని ప్రశ్న. ఇలా అడుగుతున్నవారిలో నాతోపాటు భాషాప్రవీణ చదివినవారున్నారు, నేను గౌరవించే పెద్దలున్నారు. అయినను ఊరకుండరాదని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను. పాతబస్తీలో అలియాబాదు ప్రాంతాన ముప్పదియేళ్ళకు పైగా గులాబీలు పెంచుతున్నవాడిని. బడిలో పద్యం చెప్పాను, ఇంట మొక్కకు నీళ్ళు పోశాను. రెండింటి తరఫున మాట్లాడే హక్కు నాకున్నదనుకొంటాను.

మొదట పేరు సంగతి. పారసీకంలో "గుల్" అంటే పువ్వు, "ఆబ్" అంటే నీరు. ఆ భాషలో గులాబ్ అంటే పువ్వు కాదు, పువ్వు నుండి దించిన నీరు. పువ్వును వారు గుల్ అనే అంటారు. ఆ మాట మన దేశానికి వచ్చి నీటిని విడిచి పువ్వును పట్టుకొన్నది. నీటికి మనం పన్నీరు అన్నాము, పువ్వుకు గులాబి అన్నాము. అనగా పారసీకులు తమ పువ్వును ఈ పేరుతో పిలువనే పిలువరు! ఇక మన నోట అది ఇకారాంతమై, గులాబీలు అని బహువచనం తొడుగుకొని, గులాబితోట, గులాబిరేకు అని సమాసాలలో ఒదిగిపోయింది. అన్యదేశ్యములని పేరు పెట్టి ఇటువంటి మాటలకు చోటిచ్చిన సంప్రదాయం మనది. కాగితము, జేబు, ఖర్చు, జవాబు ఆ త్రోవనే వచ్చినవి. గులాబిని వెళ్ళగొట్టాలని కాగితం మీద వ్రాసేవారు ముందుగా ఆ కాగితం సంగతి తేల్చుకోవాలి.

కొందరు మరొక ఉపాయం చెబుతారు: గులాబి అనకండి, పాటలం అనండి అని. ఇది మరీ అన్యాయం. పాటల అంటే కలిగొట్టు. అది అడవిలో పెరిగే వృక్షం, ముళ్ళపొద కాదు. శాకుంతల ప్రస్తావనలో కాళిదాసు పాటలగంధాన్ని గ్రీష్మవర్ణనలో చెప్పాడు. గ్రీష్మంలో మా డాబా మీది గులాబి ఎట్లుంటుందో వచ్చి చూడండి. అంచులు మాడి, పువ్వు చిన్నదై, పూచిన పూటకే వడలిపోతుంది. ఈ గడ్డ మీద దానికి వైభవమంతా మార్గశిరం నుండి మాఘం దాకానే. స్వచ్ఛత పేరిట ఒక చెట్టు పేరు ఊడదీసి మరొక మొక్కకు తగిలిస్తే రెండింటికీ ద్రోహమే. సంస్కృతనామమే కావాలంటే పదహారవ శతాబ్దపు భావప్రకాశంలో శతపత్రి, తరుణి అన్న పేర్లున్నాయి. ఆయుర్వేద పండితులు వాటిని గులాబిగానే అన్వయిస్తారు.

ఇక పుట్టుక. బంతి అమెరికా ఖండం నుండి వచ్చినది. చేమంతి సాగు చీనాలో మొదలైనది. కాగితంపూలు కూడ సముద్రం దాటి అమెరికా నుండి వచ్చినవే. బిళ్ళగన్నేరుది మడగాస్కరు. దసరానాడు గుమ్మానికి బంతిపూల తోరణం కట్టి, బతుకమ్మలో బంతిని, చేమంతిని పేర్చి, గులాబిని మాత్రం నీ ఊరేదని నిలదీయడం ఏ ధర్మం? పైగా అడవిగులాబీలు మన దేశంలో పుట్టినవే ఉన్నాయి. బెంగాలు చిత్తడినేలలలో రోజా క్లైనోఫిల్లా, మణిపూరు కొండలలో రోజా జైగాంటియా పెరుగుతాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఐ.ఏ.ఎస్. అధికారిగా పనిచేసిన వీరరాఘవన్ గారు ఉద్యోగం ముందుగానే విడిచి, కొడైకెనాల్‌లో స్థిరపడి, ఈ రెండింటితో సంకరం చేసి వేడిదేశాలకు తగిన కొత్త గులాబీలను పుట్టించారు. గులాబిని ఇంగ్లీషువాడు మనకిచ్చాడనేవారికి ఇంకొక మాట. మాటిమాటికి పూచే గుణం ఐరోపా గులాబీలకు ప్రధానంగా చీనా మొక్కల నుండి అబ్బినది. ఆ మొక్కలు కలకత్తా మీదుగా ఓడలెక్కినందున ఫ్రెంచివారు వాటిని బెంగాలు గులాబీలనే అన్నారు. 1867 నాటి "లా ఫ్రాన్స్"ను ఆదిగా చెప్పే హైబ్రిడ్ టీ జాతిలో ఉన్నదీ ఆ రక్తమే.

పూజకు తగదంటారా? కార్తీకమాసంలో తిరుమల శ్రీవారికి జరిగే పుష్పయాగంలో గులాబి ఉన్నది. పెళ్ళిపందిట్లో మన పెద్దలు అతిథులపై పన్నీరు చిలకరించారు. స్వామికి లేని అభ్యంతరం సభాధ్యక్షులకు ఎందుకు?

అసలు బాధ "వాళ్ళ" అన్న మాటలో ఉన్నది. మా ఇంటి పన్నీరుగులాబి ప్రక్కయింటి గోడ మీదుగా వచ్చినది. ఆ ఇంటి పెద్దావిడను వీధి అంతా ఆపా అంటుంది, నేనూ అట్లే పిలుస్తాను. "పంతుల్‌సాబ్, పెన్సిలంత లావు కొమ్మ తీసుకోండి, సగం మట్టిలోకి పోవాలి, నీడలో పెట్టండి" అని చెప్పి ఇచ్చినది ఆమె. ఆ కొమ్మ బ్రదికి, పొదయై, వాళ్ళ మొక్క చీడకు పోయిన యేట మా మొక్క నుండి కొమ్మ తిరిగి వాళ్ళింటికి వెళ్ళినది. ఆమె రేకులను చక్కెరతో పొరలు పేర్చి ఎండలో పెట్టి గుల్కందు చేస్తుంది. మా ఇంటావిడ తొలిపువ్వు వేంకటేశ్వరుని పటానికి పెడుతుంది. ఈ మొక్క వాళ్ళదో మాదో తేల్చగల పండితుడు ఎవరైనా ఉంటే దయచేయవచ్చు.

నీళ్ళు పోయనివానికి ప్రతి పువ్వూ పరాయిదే. గులాబి చాకిరి కోరే మొక్క. వానలు వెనుకబట్టిన పిదప అక్టోబరులో కొమ్మలు కత్తిరించాలి. పశువులయెరువు, వేపపిండి వేయాలి. బూడిదతెగులును, నల్లమచ్చలను కనిపెట్టి ఉండాలి. నెలన్నరకు గాని మొగ్గ కనుల పడదు. కరుణశ్రీ గారి పుష్పవిలాపం పిల్లలకు పాఠం చెప్పి వాళ్ళ కంట తడి చూచినవాడినే, అయినా ఉదయాన్నే కత్తెర పట్టుకొంటాను. వాడిన పువ్వును కోయకపోతే మొక్క తన బలమంతా కాయకు పోసి, మళ్ళీ మొగ్గ తొడగడం మందగిస్తుంది. ఇది మొక్కతో మెలగినవారికి తెలిసే కరుణ.

గులాబికి నిజంగా శత్రువు వేరే ఉన్నది. దానికి రోజుకు ఆరుగంటల ఎండ కావాలి. మా వీధుల్లో ఇంటి నడుమ ఉండిన వాకిళ్ళు కప్పు క్రిందికి పోయాయి. అంతస్తు మీద అంతస్తు లేచి ఎండ కరవయింది. పూలతోట అని అర్థమిచ్చే గుల్జార్ హౌజ్ చుట్టూ ఇప్పుడు వాహనాల హోరు తప్ప తోట లేదు. ఫిబ్రవరి వస్తే ప్లాస్టిక్కులో చుట్టిన వాసనలేని పువ్వు కొంటాము. రెండురోజులకు చెత్తబుట్టలో వేస్తాము. భాషాభిమానులకు కోపం రావలసినది దీని మీద. పన్నీరుగులాబి పోతే పువ్వు ఒక్కటే పోదు. గోడ మీదుగా కొమ్మ అడిగే అలవాటు పోతుంది. ఆ తరువాత ఏ నిఘంటువు తిరగవేసినా అది దొరకదు.

కనుక వాదం చాలించి పన్నెండంగుళాల కుండీ ఒకటి తెచ్చుకోండి. ఎర్రమట్టి నింపి ఎండ తగిలే చోట పెట్టండి. అక్టోబరులో నేను కొమ్మలు కత్తిరిస్తాను. కావలసినవారు, నన్ను విమర్శించినవారితో సహా, వచ్చి పట్టుకొని పోవచ్చును.