పులి బొమ్మ వెనుక రైలు పట్టాలు

ఢిల్లీలో శీతకాలం ప్రవేశించిందంటే పార్లమెంటు సమావేశాలకే గాక చిత్రప్రదర్శనలకు కూడా రుతువు వచ్చినట్లే. మండీహౌస్ చుట్టుపక్కలనో, లోడీ రోడ్డు పరిసరాలలోనో ఏదో ఒక మందిరంలో అడవిజంతువుల ఛాయాచిత్రాలు గోడలకెక్కుతాయి. సభలో ఒకరి ముఖం ఒకరు చూడని నాయకులు పులి ముఖం చూడడానికి మాత్రం పక్కపక్కన నిలబడతారు. పులి విషయంలో ఈ దేశంలో ప్రతిపక్షం లేదు. అందుకు సంతోషించవలసిందే. అయితే ఈ బొమ్మలను వరుసగా చూసుకుంటూ పోతే ఒక సంగతి స్ఫురించక మానదు. అరణ్యం ఉన్నది, జంతువు ఉన్నది, నీరెండ ఉన్నది. రైలు పట్టా మాత్రం ఎక్కడా లేదు. మనదేశంలో అనేక అభయారణ్యాల గుండా, వాటి అంచుల వెంబడి రైలుమార్గాలు ఉన్నాయన్న విషయం ఆ గోడలను చూసి ఎవరూ గ్రహించలేరు. ఫొటో తీసేవాడు పట్టా కనిపించని కోణం కోసం ఓపికగా వెతుకుతాడు కాబోలు.

నిజానికి ఈ దేశంలో వన్యప్రాణి ఛాయాచిత్రణమూ రైలుమార్గమూ ఒక ఇంటి బిడ్డలు. ఆ ఇంటి పేరు అటవీశాఖ.

భారతదేశపు అడవిలో స్వేచ్ఛగా తిరిగే పులిని మొదటగా ఛాయాచిత్రంలో బంధించిన వ్యక్తిగా ఫ్రెడరిక్ వాల్టర్ చాంపియన్ పేరు చెప్పుకుంటారు. ఆయన 1913లో పోలీసు ఉద్యోగిగా తూర్పు బెంగాలుకు వచ్చి, మొదటి ప్రపంచయుద్ధంలో పనిచేసి, అనంతరం నేటి ఉత్తరప్రదేశ్, ఉత్తరాఖండ్ రాష్ట్రాలు కలిసి ఉన్న సంయుక్త రాష్ట్రాల అటవీశాఖలో చేరాడు. తుపాకికి బదులు కెమెరా పట్టాడు. జంతువులు నడిచే బాటకు అడ్డంగా సన్నని తీగ కట్టేవాడు. రాత్రివేళ పులి కాలు ఆ తీగకు తగిలితే మెగ్నీషియం పొడి భగ్గుమనేది, బొమ్మ పడేది. ఆ బొమ్మలు 1925 అక్టోబరులో 'ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్' పత్రిక మొదటి పుటలో వెలువడ్డాయి. 1927లో ఆయన గ్రంథమే వచ్చింది. చారల అమరికను బట్టి ఏ పులికాపులిని వేరుగా గుర్తించవచ్చునని ఆయన ఆనాడే గ్రహించాడు. నేడు దేశమంతటా పులులను లెక్కించే పద్ధతికి మూలసూత్రం అదే. 2018 గణనలో 26 వేలకు పైగా స్థలాలలో కెమెరాలు అమర్చి మూడుకోట్ల నలభై లక్షలకు మించిన చిత్రాలు తీశారు. తీగ పోయి కంటికి కనబడని కిరణం వచ్చింది, పద్ధతి మారలేదు.

చాంపియన్ కుటుంబ చరిత్ర కూడా ఆసక్తికరమైనదే. తండ్రి కీటకశాస్త్రజ్ఞుడు. అన్న హ్యారీ చాంపియన్ కూడా భారత అటవీశాఖలోనే పనిచేసి, 1936లో మన అడవులను రకాలుగా వర్గీకరించాడు. సేథ్ అనే అధికారితో కలిసి 1968లో ఆయన దానిని సవరించిన రూపమే నేటికీ మన అటవీశాఖలకు ఆధారగ్రంథం. తండ్రి పురుగులను, ఒక కొడుకు చెట్లను, మరొక కొడుకు మృగాలను లెక్కకు తెచ్చారన్నమాట. ఇంతవరకు ముచ్చటగానే ఉన్నది. కానీ ఆ అన్నదమ్ములు పనిచేసిన శాఖ ఎందుకు పుట్టింది?

1853లో బొంబాయి నుండి ఠాణాకు మొదటి ప్రయాణికుల రైలు నడిచిన తర్వాత పదేళ్లకే ప్రభుత్వానికి కలప బెంగ పట్టుకున్నది. మైలు పొడవు పట్టా వేయాలంటే సుమారు 1,800 దుంగలు కావాలి. అవి ఎండకు, వానకు, చెదలకు చివికిపోతే మళ్లీ అన్నీ కావాలి. టేకు, సాల, దేవదారు తప్ప తక్కిన కలప నిలిచేది కాదు. జర్మనీ దేశస్థుడైన డీట్రిచ్ బ్రాండిస్‌ను 1864లో అడవుల ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా నియమించడం, 1865లో మొదటి అటవీచట్టం, 1878లో మరింత కఠినమైన చట్టం రావడం వెనుక పట్టాల కిందికి దుంగలు కావాలన్న ఆతురత ఎంతో ఉన్నది. హిమాలయాలలోని హర్సిల్ గ్రామంలో 'పహాడీ విల్సన్' అనే ఆంగ్లేయుడు టెహ్రీ రాజు వద్ద హక్కు పొంది దేవదారులను నరికించి, దుంగలను భాగీరథిలో తేల్చి మైదానానికి పంపి కుబేరుడైనాడు. ఆ దుంగలు హరిద్వారానికి చేరిన చాలా కాలానికి, 1886లో, రైలు హరిద్వారానికి చేరింది. 1900లో డెహ్రాడూన్‌కు పొడిగించారు. శివాలిక్ కొండల నడుమ ఆ మార్గం నేటి రాజాజీ జాతీయోద్యానం గుండా పోతుంది. చాంపియన్ తీగలు కట్టిన సీమ ఆ శివాలిక్ కొండలే. పగలు నరకవలసిన చెట్లకు లెక్క కట్టే శాఖలో ఉంటూ, రాత్రి పులి కోసం కాపుకాసిన మనిషి ఆయన. ఇందులో కపటమేమీ లేదు. ఆనాటి ఉద్యోగధర్మం అటువంటిది.

జిమ్ కార్బెట్ విషయం ఇంకా విచిత్రం. నైనీతాల్ పోస్టుమాస్టరు కుమారుడైన కార్బెట్ తండ్రి మరణానంతరం, పెద్ద సంసారం గడవడానికి, ఇరవై ఏళ్లయినా నిండకముందే బెంగాల్ అండ్ నార్త్ వెస్టరన్ రైల్వేలో చేరాడు. ఆయనకిచ్చిన మొదటి పని ఇంజన్లకు వంటచెరకు సమకూర్చడం, అనగా అడవిని కొట్టించడం. తర్వాత మొకామాఘాట్‌లో గంగ ఒడ్డున బ్రాడ్ గేజి వ్యాగన్ల సరకు దింపించి ఆవలిగట్టు మీటరు గేజి బండ్లకు చేర్పించే పని ఇరవై ఏళ్లకు పైగా చేశాడు. అక్కడ 1959లో వంతెన వచ్చింది గనుక ఆ ఘాట్ కథ నేటి వారికి తెలియదు. నరమాంసం మరిగిన పులుల వేటగాడుగా లోకం ఎరిగిన ఆ మనిషికి జీతం ఇచ్చింది రైలు. చాంపియన్ బొమ్మలు చూసి తానూ కెమెరా పట్టాడు. రాత్రి వెలుగులో గాక పట్టపగలే సినిమా కెమెరాతో పులిని తీయాలని పట్టుబట్టాడు. 1936లో వెలసిన హెయిలీ జాతీయోద్యానం ఇప్పుడు ఆయన పేరిట ఉన్నది. 1973లో పులుల సంరక్షణ పథకం ప్రారంభమైనదీ అక్కడనే.

ఈ బొమ్మల ముందు నిలబడిన తెలుగువాడికి నల్లమల గుర్తుకు రావడం సహజం. నా మట్టుకు అది కుటుంబ విషయం. నంద్యాల నుండి గాజులపల్లె, చలమ, బోగద, దిగువమెట్టల మీదుగా గిద్దలూరు పోయే మీటరు గేజి దారిని సదరన్ మరాఠా రైల్వే కంపెనీ పందొమ్మిదో శతాబ్ది చివర వేసింది. మా పితామహుడు ఆ దారిలో ఒక చిన్న స్టేషనుకు మాస్టరుగా ఉండేవాడు. మాతామహుడు అదే దారికి దుంగలు సరఫరా చేసిన ఒక కంట్రాక్టరు దగ్గర గుమాస్తా. మా తల్లిదండ్రుల సంబంధం కుదిర్చినది ఆ మీటరు గేజి అని ఇంట్లో వేళాకోళంగా అనేవారు. స్టేషను తాత రాత్రిబండికి లాంతరు చూపడానికి పోతే ప్లాట్‌ఫారం చివర పులి కూర్చున్నదని, బండి కూత విన్న తర్వాతనే అది లేచిందని మా చిన్నతనంలో అన్నంముద్దలతో పాటు వినిపించిన కథ. గుమాస్తా తాత కథలు చెప్పేవాడు కాదు, లెక్కలు రాసేవాడు. ఆయన పుస్తకం ఒకటి మా ఇంట మిగిలింది. దుంగలు ఇన్ని, బండ్లు ఇన్ని, బండివాళ్ల పేర్లు, మేస్త్రీల పేర్లు, బాకీలు అన్నీ వివరంగా ఉన్నాయి. కొన్ని పుటలలో మాత్రం 'చెంచులు పదిమంది, జొన్నలు' అని ఉన్నది. వాళ్ల పేర్లు లేవు. అడవిలో ఏ చెట్టు ఎక్కడున్నదో చూపినది వారు. లెక్కలో పేరు దక్కనిదీ వారికే.

ఈనాడు నల్లమలలో కెమెరాలు తీసిన పులుల చిత్రాలకు అంకెలున్నాయి, కొన్నిటికి ముద్దుపేర్లు కూడా ఉన్నాయి. ఆ కెమెరాలు మోసి, పులి జాడ చూపే చెంచు కాపలాదారు పేరు ప్రదర్శనలో బొమ్మ కింద పడిన సందర్భం నా కంటికి కనబడలేదు. 2006 నాటి అటవీహక్కుల చట్టం కాగితం మీద వారికి ఇచ్చినదానికీ, పులుల ప్రాంతంలో వారికి చేతికందుతున్నదానికీ ఉన్న దూరం గురించి ఈ నగరంలో మాట్లాడేవారు తక్కువ. రాజాజీ ఉద్యానం నుండి వన్‌గుజ్జర్ల పశుపాలక కుటుంబాలను తరలించినప్పుడూ ఇదే తీరు. అడవిలో మనిషి ఉంటే చిత్రం చెడుతుందని ఫొటోగ్రాఫరు అనుకోవడంలో తప్పు లేకపోవచ్చు. ప్రభుత్వం కూడా ఫొటోగ్రాఫరు కంటితో చూడడం మొదలుపెడితేనే చిక్కు.

ఇక ఏనుగుల సంగతి. 2009-10 నుండి 2020-21 వరకు దేశంలో రైళ్ల కింద 186 ఏనుగులు మరణించాయని అధికారిక లెక్క. అస్సాంలో 62, పశ్చిమ బెంగాల్‌లో 57. ఏటా సగటున పదిహేనుకు తక్కువ కాదు. ఉత్తర బెంగాల్‌లో సిలిగురి నుండి అలీపుర్‌దువార్ పోయే దారి మీటరు గేజిగా ఉన్నంతకాలం ప్రమాదాలు కొద్దిగానే ఉండేవి. ఈ శతాబ్ది తొలి సంవత్సరాలలో దానిని బ్రాడ్ గేజిగా మార్చి బండ్ల సంఖ్యనూ వేగాన్నీ పెంచిన తర్వాత అవి విపరీతమైనాయి. 2010 సెప్టెంబరులో బానర్‌హాట్ దగ్గర ఒకే గూడ్సుబండి ఒకే రాత్రి ఏడు ఏనుగులను చంపింది. 2012 డిసెంబరు చివర ఒడిశాలోని గంజాం జిల్లాలో ఏనుగుల గుంపును ఢీకొన్నది మనకు సుపరిచితమైన కోరమాండల్ ఎక్స్‌ప్రెస్. విజయవాడలో ఉదయం కాఫీ తాగుతూ ఎక్కే ప్రయాణికునికి ఆ సంగతి ఎందుకు తెలుస్తుంది!

ఇటువంటి దుర్ఘటన జరిగినప్పుడల్లా రెండు మంత్రిత్వశాఖలు రెండు ప్రకటనలు చేస్తాయి. ఏనుగులు వస్తున్నాయని అటవీశాఖ చెప్పలేదని రైల్వే అంటుంది. చెప్పినా బండి ఆపలేదని అటవీశాఖ అంటుంది. ఒకప్పుడు ఈ రెండు శాఖలకూ నిత్యం మాటలుండేవి, ఎందుకంటే దుంగ కోసం రైల్వే అడవి గుమ్మం తొక్కక తప్పేది కాదు. కాంక్రీటు స్లీపర్లు వచ్చాక ఆ అవసరం తీరింది. ఇప్పుడు అడవి రైల్వేకు సరఫరాదారు కాదు, టైంటేబులుకు అడ్డంకి. ఇచ్చిపుచ్చుకోవడాలు ఆగిన బంధువుల నడుమ ఉత్తరాలే మిగిలినట్లు, వీరి మధ్య ఫైళ్లు మిగిలాయి.

మాటలు కలిస్తే ఏమౌతుందో రాజాజీయే చూపింది. 2002 ప్రాంతంలో అక్కడ రైల్వేవారు, అటవీశాఖవారు, ఒక స్వచ్ఛంద సంస్థవారు కలిసి రాత్రిగస్తీ పెట్టారు. మలుపుల దగ్గర పొదలు తొలగించారు. ఏనుగు ఎక్కలేని నిటారు గట్లను ఏటవాలు చేశారు. రైళ్ల నుండి పారవేసే ఆహారం పట్టాల పక్కన పడకుండా చూశారు. డ్రైవర్లతో మాట్లాడారు. దాదాపు పదేళ్లు ఆ దారిలో ఒక్క ఏనుగూ రైలు కింద పడలేదు. దీనికి కావలసివచ్చినది మహాయంత్రం కాదు, నాలుగైదు శాఖల చిన్న ఉద్యోగుల రాత్రినిద్ర.

యంత్రాలూ వచ్చాయి. 2023లో రైల్వేశాఖ 'గజరాజ్' అన్న పేరుతో ఒక ఏర్పాటును ప్రకటించింది. పట్టాల పక్కన పాతిన ఆప్టికల్ ఫైబర్ తీగ ఏనుగు అడుగుల కంపనాన్ని పసిగట్టి స్టేషనుకు తెలుపుతుంది. 2024 ఫిబ్రవరిలో తమిళనాడు అటవీశాఖ కోయంబత్తూరు దగ్గర మదుక్కరైలో గోపురాలు నిలిపి, రాత్రి కూడా చూడగల కెమెరాలు అమర్చింది. ఏనుగు పట్టాను సమీపిస్తే డ్రైవరుకు కబురు అందుతుంది. చాంపియన్ తీగకు ఇవి మనుమలు. తాతల కాలంలో జంతువు తీగ తొక్కితే బొమ్మ పడేది, ఇప్పుడు బండి నెమ్మదిస్తుంది. కెమెరాకు ఇంతకన్న మంచి ఉద్యోగం ఇంతవరకు దొరకలేదని నా అభిప్రాయం. మదుక్కరై ఏర్పాటుకు అయిన ఖర్చు ఏడుకోట్ల పైచిలుకు. ఒక కొత్త రైలు ప్రారంభోత్సవపు ఆర్భాటం చూసినవారికి అది పెద్ద మొత్తంగా తోచదు.

అసలు అడ్డు డబ్బు కాదు, వేగం మీది మోజు. పార్లమెంటు సభ్యులు కొత్త రైలు అడుగుతారు, కొత్త స్టాపు అడుగుతారు. తమ నియోజకవర్గంలో బండిని నెమ్మదిగా నడపమని అడిగినవారిని వేళ్ల మీద లెక్కించవచ్చు. ఏనుగుల దారులలో రాత్రిపూట వేగపరిమితి విధిస్తే ప్రయాణం కొద్ది నిమిషాలు ఆలస్యం కావచ్చు. పొగమంచుకు గంటల తరబడి ఆలస్యాన్ని మౌనంగా భరించే ఉత్తరభారత ప్రయాణికుడు ఏనుగు కోసం ఆపాటి భరించలేడా? 2010లోనే ప్రభుత్వం ఏనుగును జాతీయ వారసత్వ జంతువుగా ప్రకటించింది. వారసత్వమంటే ఆస్తితో పాటు అప్పు కూడా సంక్రమిస్తుంది. నూటయాభై ఏళ్లు దుంగలు తీసుకున్న రైల్వేకు ఆ అప్పు ఉన్నది.

మనవైపు నల్లమల దారి 1990 దశకంలో బ్రాడ్ గేజి అయింది. బోగద దగ్గరి లోయలో ఎత్తయిన పాత దొరబావి వంతెనను వదిలి రైలు వేరే దారి పట్టింది. ఇప్పుడు గుంటూరు, గుంతకల్లు నడుమ రెండో పట్టా వేస్తున్నారు. అక్కడ ఏనుగులు లేవు గాని పులులున్నాయి, ఎలుగులున్నాయి, దుప్పులున్నాయి. ఒక పట్టాను దాటడం ఒకటి, రెండు పట్టాలను ఎదురెదురు బండ్ల మధ్య దాటడం మరొకటి. ఆ అడవిభాగంలో రాత్రి వేగం ఎంత ఉండబోతున్నది? జంతువులు పట్టా కిందనుండి పోవడానికి ఎన్నిచోట్ల దారి విడిచారు? గస్తీకి ఎందరు చెంచులను, ఏ జీతం మీద, ఏ పేర్లతో నియమిస్తారు? వచ్చే సమావేశాలలో మన రెండు రాష్ట్రాల సభ్యులలో ఎవరో ఒకరు ఈ మూడు సంగతులూ అడగవచ్చు. నక్షత్రం గుర్తు లేని ప్రశ్నగా వేసినా చాలు, సమాధానం అచ్చులో వస్తుంది.