గేటు దగ్గర తప్పెటగుళ్ళు, లోపల డీజే

మన దగ్గర ఏ పెద్ద ప్రోగ్రామ్ జరిగినా ఒక సీన్ మాత్రం మారదు. ముఖ్య అతిథి కారు దిగుతారు. గేటు దగ్గర తప్పెటగుళ్ళ వాళ్ళు ఓ పదిహేను మంది, గుండెల మీద రేకు తప్పెట్లు, కాళ్ళకి గజ్జెలు, ఎండలో గంట నుంచి నిలబడి ఉంటారు. అతిథి నడిచే ఆ యాభై అడుగులూ వాయిస్తారు, ఎగురుతారు. ఫోటోలు తీస్తారు. ఆయన లోపలికి వెళ్ళిపోయాక వాళ్ళని టిఫిన్ పొట్లాల వైపు పంపించేసి, లోపల డీజే మొదలెడతారు. డీజే మీద నాకు కోపం లేదు, నేనూ ఎగురుతాను. నా గొడవంతా ఆ గేటు గురించి. గేటు ఎవరిది, స్టేజీ ఎవరిది అని ఎవరు ఎప్పుడు తేల్చేశారు?

తప్పెటగుళ్ళు పూర్తిగా చూసినవాళ్ళకి తెలుసు, అది యాభై అడుగుల కళ కాదని. గొల్లల ఇళ్ళలో తరతరాలుగా వస్తున్న ఆట అది. మెల్లగా మొదలవుతుంది. పాటలో కథ నడుస్తూ ఉంటుంది, రెండు చేతులూ తప్పెట మీద పడుతూ ఉంటాయి, అడుగు వేగం పెరుగుతుంది, ఒకచోట ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి నిలబడతారు. అప్పుడు కూడా వాయింపు ఆగదు. చూసేవాడికి ఊపిరి అందదు. అలాంటిదాన్ని మనం మొదటి రెండు నిమిషాలు కత్తిరించి, ప్రారంభోత్సవం రిబ్బను లాగ వాడుకుంటున్నాం.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఈసారి మన ఫెస్టులో ‘మోడరన్ ఆర్ట్ ఎగ్జిబిషన్’ పెడదామని ఒక మాట నడుస్తోంది. సెమినార్ హాల్లో రెండు రోజులు, ఏసీ వేసి, బొమ్మలు తగిలించి. కాలా ఘోడాలాగ చేద్దాం అని కూడా ఎవరో అన్నారు. మంచిదే. కానీ కాలా ఘోడాలాగ అంటే ఏమిటో ముందు చూడాలి కదా.

ముంబైలో కాలా ఘోడా అనేది ఒక హాలు కాదు, ఒక పేట. జహంగీర్ ఆర్ట్ గ్యాలరీ, మ్యూజియం అన్నీ అక్కడ ముందునుంచీ ఉన్నాయి. 1999 నుంచి అక్కడ జరిగే పండుగలో గొప్ప ఏమిటంటే, బొమ్మలు గ్యాలరీలోంచి రోడ్డు మీదకి వచ్చాయి. టికెట్టు లేకుండా, ఆఫీసు నుంచి ఇంటికెళ్ళేవాడు కూడా ఆగి చూసేలాగ. కొచ్చిలో 2012 డిసెంబర్ 12న బినాలే మొదలెట్టినప్పుడు ఫోర్ట్ కొచ్చిలో, మట్టాంచేరిలో పాత గోడౌన్లు, యాస్పిన్‌వాల్ హౌస్ లాంటి పాత వ్యాపార భవనాలు వాడుకున్నారు. ఒకప్పుడు సరుకు దాచిన గోడలకే ఇప్పుడు బొమ్మలు.

మనకి ఇంకా దగ్గరది హైదరాబాద్‌లో ఉంది. ఖైరతాబాద్ పక్కన, రాజ్‌భవన్‌కి దగ్గర్లో ఎం.ఎస్. మక్తా అనే బస్తీ. ఇరుకు సందులు, మామూలు ఇళ్ళు. 2016లో స్టార్ట్ ఇండియా అనే సంస్థ పిలిస్తే ఆర్టిస్టులు వచ్చి ఆ ఇళ్ళ గోడల మీద పెద్ద పెద్ద బొమ్మలు వేశారు. దాన్ని ఆర్ట్ డిస్ట్రిక్ట్ అన్నారు. గ్యాలరీ గడప ఎక్కని మనిషి కూడా పాల ప్యాకెట్‌కి బయటికొస్తే ఆ బొమ్మ కింద నుంచే వెళ్ళాలి. నచ్చకపోతే తిట్టుకుంటాడు, కానీ చూస్తాడు. నాకు కాలా ఘోడా కంటే మక్తాయే నచ్చడానికి కారణం అది. ముంబై పేటకి గ్యాలరీలు ముందే ఉన్నాయి, మక్తాకి గోడలు తప్ప ఏమీ లేవు. గరివిడికి కూడా ఉన్నవి గోడలే. ఫేకర్ ఫ్యాక్టరీ చుట్టూ పెరిగిన ఊరు మనది. గ్యాలరీ లేదు, కానీ స్టేషన్‌కి వెళ్ళే దారి ఉంది, కాలేజీ కాంపౌండ్ గోడ ఉంది. ఆ గోడ మీద ఇప్పుడు ‘ఇచ్చట మూత్రం పోయరాదు’ అని ఉంది. ఫాంటు మాత్రం బాగుంటుంది.

‘మన ఏరియాలో ఆర్ట్ ఎవరు చూస్తారు’ అనే మాట నాకు అసలు పడదు. దసరా తర్వాత మంగళవారం విజయనగరం వెళ్ళి చూడండి. పైడితల్లి సిరిమాను గుడి దగ్గర నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంటే, ముందు తెల్ల ఏనుగు, అంజలి రథం, పాలధార, బెస్తవారి వల. చుట్టుపక్కల ఊళ్ళన్నీ అక్కడే ఉంటాయి. ఇంగ్లీషులో రాసేవాళ్ళు కొందరు ఇలాంటివాటిని ‘ఇన్‌స్టలేషన్’ అంటారు. నాకది ఇష్టం లేదు, అది మొక్కు. కాకపోతే ఒకటి నిజం. అక్కడ నిలబడినవాళ్ళు ఏనుగు ఈసారి ఎలా కుదిరింది, మాను నిరుటి కంటే పొడవా పొట్టా అని వాదించుకుంటారు. అంటే చూసే కన్ను ఉంది, దాని మీద మాట్లాడే నోరూ ఉంది. మన ఎగ్జిబిషన్లకే వాళ్ళతో మాట్లాడటం రాదు.

ఎలా రాదో చెప్తాను. పోయిన సంవత్సరం నేనూ, నా ఫ్రెండూ వైజాగ్ బీచ్ రోడ్డులో ఒక ఎగ్జిబిషన్‌కి వెళ్ళాం. ఫ్రీ ఎంట్రీ, చల్లగా ఉంది. ఒక గోడకి ఇనప తీగలు, చేపల వల ముక్కలు కట్టి ఉన్నాయి. పక్కన చిన్న కార్డు, ఇంగ్లీషులో. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీషు మీడియమే, ఆ కార్డు రెండుసార్లు చదివినా నాకు ముక్క అర్థం కాలేదు. నా ఫ్రెండ్ టెన్త్ దాకా తెలుగు మీడియం. వాడు వల దగ్గరే చాలాసేపు నిలబడ్డాడు. ‘ఈ ముడి తప్పురా, ఇలా వేస్తే చేప జారిపోద్ది’ అన్నాడు. వాళ్ళది చింతపల్లి వైపు, సముద్రం ఒడ్డు. తర్వాత కార్డు చూసి, ‘నాకు ఇంగ్లీషు రాదు కదా, అందుకే అర్థం కాలేదు’ అని పక్కకి వెళ్ళిపోయాడు. ఆ హాల్లో ఆ వల గురించి అందరికంటే ఎక్కువ తెలిసినవాడు వాడే. వాడినే ఆ కార్డు బయటికి పంపించేసింది. అదే కార్డు తెలుగులో, నాలుగు మామూలు వాక్యాల్లో ఉండుంటే, బహుశా ఆ ముడి ఎందుకు తప్పుగా వేశారో కూడా మాకు తెలిసేది. కావాలనే వేశారేమో.

అందుకని మన ఎగ్జిబిషన్‌లో ప్రతి బొమ్మ కిందా తెలుగు ఉండాలి. గూగుల్ ట్రాన్స్‌లేట్ తెలుగు కాదు. ‘అన్‌టైటిల్డ్’ అని ఉంటే ‘పేరు పెట్టలేదు’ అని రాద్దాం, చదివేవాడు కనీసం నవ్వుతాడు.

ఇంకో సంగతి. బొమ్మలు జనం దగ్గరికి వెళ్ళడం మనకి కొత్తేమీ కాదు. శ్రీకాకుళంలో 1921లో పుట్టిన వడ్డాది పాపయ్య బొమ్మలు చందమామ అట్టల మీద ఇంటింటికీ వెళ్ళాయి. పత్రిక ఖరీదుకే గ్యాలరీ ఇంటికొచ్చింది. మా సీఎస్ భాషలో చెప్పాలంటే, అది డిస్ట్రిబ్యూషన్. బొబ్బిలిలో పుట్టిన అంట్యాకుల పైడిరాజు మద్రాసులో దేవీప్రసాద్ రాయ్ చౌదరి దగ్గర నేర్చుకుని, తిరిగొచ్చి విజయనగరంలో బొమ్మలు నేర్పారు. ఆయన పుట్టిన 1919లోనే విజయనగరంలో సంగీత కళాశాల కూడా మొదలైంది, ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్‌గా. ఘంటసాల అక్కడే చదివారని మనకి అందరికీ తెలుసు. కానీ నా క్లాసులో అరవై మందిని పైడిరాజు ఎవరని అడిగితే ఒక్కరూ చెప్పలేదు. తప్పు వాళ్ళది కాదు. పాట రేడియోలో వస్తుంది, సినిమాలో వస్తుంది. బొమ్మ ఎక్కడ కనిపించాలి? నేను పైడిరాజు బొమ్మలు చూసింది ఫోన్లోనే, ఐదంగుళాల్లో.

తోట వైకుంఠం బొమ్మలు చూస్తే ఇంకో ఆలోచన వస్తుంది. ఉమ్మడి కరీంనగర్ జిల్లా బూరుగుపల్లి ఆయనది. పెద్ద బొట్టు, ముదురు రంగు చీరలు, ఆ ఊరి ఆడవాళ్ళే బొమ్మల నిండా. వాళ్ళు హైదరాబాద్, ఢిల్లీ గ్యాలరీల దాకా వెళ్ళారు. ఆ గ్యాలరీలు మాత్రం వాళ్ళ ఊళ్ళకి రాలేదు. ఊరు బొమ్మలో ఉండొచ్చు, బొమ్మ ఊళ్ళో ఉండకూడదు. ఇదేం లెక్కో!

‘ఇప్పుడు ఏఐ ఉంది కదా, ప్రింటు తీసి తగిలించేద్దాం’ అన్న సలహా కూడా వచ్చింది. నిరుడు మన ఫెస్టు పోస్టర్లన్నీ అలా వచ్చినవే. ‘విలేజ్ ఫోక్ డాన్స్, ఆంధ్ర’ అని అడిగితే అది ఇచ్చిన మనుషుల్ని మీరూ చూశారు. మెడలో మృదంగం లాంటిది వేలాడుతోంది, ఒకడికి ఆరు వేళ్ళు. దానికి తప్పెట తెలీదు, ఎందుకంటే తప్పెట ఫోటోలు నెట్‌లో తక్కువ. ఉన్నవి గేటు దగ్గర తీసినవే. నేను రేపు ఆ ఫీల్డులోనే ఉద్యోగం వెతుక్కుంటాను, కాబట్టి ఏఐ వద్దనే పంతులుగారిని కాను. కానీ మన ఊళ్ళోనే షాపు బోర్డులకి చేత్తో అక్షరాలు రాసేవాళ్ళున్నారు. ఫ్లెక్సీలు వచ్చి వాళ్ళ పని సగం పోయింది. మిగతా సగం మన ఫెస్టు తీసుకోనక్కర్లేదు.

సరే, ఏం చేద్దాం అంటారా. సెమినార్ హాలు వదిలేద్దాం. కాలేజీ కాంపౌండ్ గోడ రోడ్డు వైపు బయటి ముఖం వాడదాం, లోపలిది కాదు. డ్రాయింగ్ వచ్చిన మనవాళ్ళూ, ఊళ్ళో బోర్డులు రాసేవాళ్ళూ కలిసి వేస్తే ఎవరు ఎవరికి నేర్పుతారో చూడాలని ఉంది. ఆ పక్కనే బొమ్మల ముందు జనం కూర్చోడానికి జంపఖానాలు. ఇక తప్పెటగుళ్ళు సాయంత్రం ఏడుకి, మెయిన్ స్టేజీ మీద, లైట్లూ మైకులూ వాళ్ళు అడిగినట్టు పెట్టి, గంటకి తక్కువ కాకుండా. బుర్రకథ చెప్పిన గరివిడి లక్ష్మి పేరుతో సినిమా తీస్తున్నారంటే మనమంతా స్టేటస్‌లు పెట్టాం. అదే కథ, అదే ఆట ఇప్పుడు కూడా ఆడుతున్నవాళ్ళకి మన స్టేజీ మీద గంట ఇవ్వడం స్టేటస్ పెట్టడం కంటే కష్టమేమీ కాదు.

డబ్బు సంగతి కూడా తేల్చాలి. డీజే ఒక్కడికి ముందే సగం అడ్వాన్సు, మిగతాది స్టేజీ దిగేలోపు. తప్పెటగుళ్ళు పదిహేను మందికి ‘తర్వాత చూద్దాం’. ఈసారి బడ్జెట్ షీటులో వాళ్ళ లైను ‘రిసెప్షన్ ఖర్చులు’ కింద కాకుండా ‘ఆర్టిస్టులు’ కింద రాయండి, అడ్వాన్సు కాలమ్‌తో సహా. కమిటీ మీటింగు శుక్రవారం ల్యాబ్ అయ్యాక. ఆ షీటు నేను అడిగి చూస్తాను, మీరూ రండి.