మామూ పంపిన వీడియో

మొన్న ఎర్రగడ్డలో మామూ ఇంట్లో దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చుంటే, ఫోన్ నా ముందుకు తోశారు. యూరీ బెజ్మెనోవ్ వీడియో. ఢిల్లీలో సోవియట్ వార్తాసంస్థ నోవోస్తి చాటున కేజీబీకి పనిచేసి, 1970లో హిప్పీ వేషంలో పారిపోయిన మనిషి. తుపాకీ పేలకుండా ఒక ఖౌమ్ దిమాగ్‌ను ఎలా చెడగొట్టొచ్చో 1984లో చెప్పాడు. ఇప్పుడు ప్రతి పార్టీవాడూ దాన్ని అవతలివాడి మీదికి విసురుతున్నాడు.

"చూడు బేటా, కమ్యూనిస్టుల సాజిష్."

సరే. అదే ఫోన్‌లో మా ఖాందాన్ గ్రూప్ తెరిచాను. 'ఎయిడ్స్ అమెరికా ల్యాబ్‌లో పుట్టింది.' పంపింది మామూనే! ఆ ఝూట్‌ను నడిపింది కేజీబీ. 1983 జూలైలో ఢిల్లీ పత్రిక పేట్రియాట్‌లో పేరులేని ఉత్తరంగా వచ్చింది. 1985లో మాస్కో పత్రిక 'లితెరతూర్నయ గజెత' ఆ ఢిల్లీ పత్రికనే సుబూత్‌గా చూపించింది. రాసిందీ వాళ్ళే, గవాహీ చెప్పిందీ వాళ్ళే!

2020లో మన మీద నడిచిందీ ఇదే తరీఖా. మర్కజ్ ఖబర్ రాగానే 'కరోనా జిహాద్' అన్నారు. టీవీని చూసి ఫోన్లు, ఫోన్లను చూసి టీవీలు. ఛాతీ ఆసుపత్రికి దగ్గర్లోనే మామూ పళ్ళబండి. పేరడిగి, కొనకుండా వెళ్ళిపోయేవాళ్ళు. ఆగస్టులో బాంబే హైకోర్టు ఔరంగాబాద్ బెంచ్ విదేశీ తబ్లీగీల మీద కేసులు కొట్టేసి, వాళ్ళను బలిపశువులను చేశారంది. అప్పటికే మామూ బండి అమ్మేశారు.

మన మీద ఝూట్ వస్తే తహఖీక్ అడుగుతాం. మనకు నచ్చిన ఝూట్ అయితే ఫార్వర్డ్ కొడతాం. నా ఏతరాజ్ అంతా దీని మీదే.

నిన్న రాత్రి మామూ గ్రూప్‌లో ఇంకోటి పెట్టారు. ఎవరు రాశారు మామూ, అని అడిగాను. ఇంకా జవాబు రాలేదు.