మాటల వెనక చేతులు – 9: బాన, ఉబ్బ, జీడి గుర్తు

"మరిచిపోయిన మన తెలుగు మాటలు" అంటూ బాన, ఉబ్బ, చౌడు, రేవు బండ ఫొటోలు పెట్టి మురిసిపోయే పోస్టులు ఈమధ్య ఎక్కువయ్యాయి. కింద "ఆ రోజులే వేరు" అని కామెంట్లు. ఎవరి రోజులవి?

ఉబ్బ అంటే ఏమిటో చూద్దాం. మురికిబట్టల్ని చౌడుమన్ను కలిపిన నీళ్లలో ముంచి, పిండి, బాన మీద వరసలుగా పేర్చి కింద మంట పెడతారు. చౌడులోని క్షారం, ఆవిరి కలిసి జిడ్డును విడగొడతాయి. ఆ తర్వాత రేవు బండ మీద బాదడం. సబ్బు ఊళ్లోకి రాకముందే ఉన్న రసాయన శాస్త్రం ఇది. దీన్ని "చదువు అక్కర్లేని పని" అన్న పెద్దల పంచెలు తెల్లగా మెరిసింది ఈ శాస్త్రంతోనే.

జీడి గుర్తు సంగతి ఇంకా గొప్పది. అందరి బట్టలూ ఒకే బానకెక్కితే ఏది ఎవరిదో ఎట్లా తెలియాలి? నల్లజీడి రసంతో బట్ట అంచున ఇంటికొక గుర్తు: చుక్క, గీత, అడ్డగీత. ఎన్ని ఉతుకులకూ పోదు. ఒంటికి తగిలితే మాత్రం చర్మం పొక్కుతుంది. బడి గడప తొక్కనివ్వని మనుషులు పొక్కిన వేళ్లతో రాసుకున్న లిపి అది. మనం ఏ వాచకంలో చదివాం?

మరి భాష వాళ్లకేమిచ్చింది? ఎవరినైనా దులిపేస్తే "చాకిరేవు పెట్టడం". తెగని చిల్లర లెక్క "చాకలిపద్దు". ఫలితం లేని కష్టం "గాడిదచాకిరీ". మన ఉద్యమ మిత్రులూ తక్కువేం కాదు, ప్రత్యర్థిని "ఉతికి ఆరేశాం" అని వీడియోలకు పేర్లు పెడతారు. (నేనూ పెట్టాను, ఒప్పుకుంటున్నా.)

పురిటిబట్టలు, ముట్టుగుడ్డలు మోసుకెళ్లి ఉతికిన మనిషి గడప బయటే. ఆమె తెచ్చిన తెల్లబట్ట కూడా మడికి పనికిరాదు, మళ్లీ జాడించాలి. కూలీ? కళ్లంలో ఇన్ని గింజలు, పొద్దుగూకితే ఇంటింటా ఇంత అన్నం. ఇంకో మాట కూడా దాచొద్దు. మా మాల మాదిగ వాడల బట్టలకు ఆ రేవులో చోటు లేదు. మైల మోసేవాళ్లకు సైతం కింద ఇంకొకరిని చూపించడమే కులం చేసే పని. ఇది మాట్లాడకుండా ఐక్యత గురించి ఉపన్యాసాలిస్తే ఎవరు నమ్ముతారు?

విసునూరు దేశముఖ్‌కు ఎదురునిలిచి పాలకుర్తిలో తన పంట దక్కించుకున్న ఐలమ్మ పేరును 2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి పెట్టారు, ముందున్న "చాకలి" అన్న మాటతో సహా. బోర్డు మీద గౌరవమైన ఆ మాట హాస్టల్ గదుల్లో ఇంకా తిట్టుగానే వినబడుతోంది.

విద్యార్థులారా, సెలవులకు ఊరెళ్తే ఈ మాటలు సేకరించండి, వద్దనను. ఫొటో దగ్గర ఆగకండి. బాన మోసిన అవ్వ పక్కన కూర్చుని అడగండి: మంట ఎవరు కాచేవారు, జీడి ఎవరు పెట్టేవారు, ఎవరింటికి ఏ గుర్తు, ఏడాదికి ఎన్ని గింజలు ముట్టాయి, ఎవరు ఎగ్గొట్టారు. మాట పక్కనే అదీ రాయండి.