‘వెళ్లను’ అంటే పాసే!

అమెరికాలో ఓ చిన్న విమానాశ్రయం. ఉదయం ఎనిమిదిన్నర. బల్లకు ఇటువైపు అభ్యర్థి, అటువైపు పరీక్షాధికారి. మధ్యలో మ్యాపులు, విమానం లాగ్‌బుక్కులు, రంగురంగుల చీటీలు అంటించిన లావుపాటి నిబంధనల పుస్తకం. బయట సెస్నా-172 సిద్ధంగా ఉంది. కానీ, దాని తలుపు తీయాలంటే ముందు ఈ బల్ల దాటాలి!

ప్రైవేటు పైలట్ లైసెన్సు ఇచ్చేముందు అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ తరఫున జరిగే ఆఖరి పరీక్షే ‘చెక్‌రైడ్’. అప్పటికి అభ్యర్థి మామూలుగా కనీసం 40 గంటలు విమానం నడిపి ఉంటారు, అందులో పది గంటలు ఒంటరిగా. 60 ప్రశ్నల రాతపరీక్షా గట్టెక్కేసి ఉంటారు. అయినా చాలామందికి గుబులు పుట్టించేది ఎగిరే భాగం కాదు, దానికి ముందుండే మౌఖిక పరీక్ష. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో వైవా అనగానే గొంతు తడారిపోతుందే... అదే బాపతు.

రాతపరీక్షలో పోయిన మార్కులు అక్కడితో పోవు. ఏయే అంశాల్లో తప్పు రాశారో మార్కుల కాగితం మీదే కోడ్‌ల రూపంలో ఉంటుంది. పరీక్షాధికారి చేతిలో ఉండేది ఆ కాగితమే. కాబట్టి తయారీ అక్కడ మొదలవ్వాలి. ఆ తర్వాత విమానం కాగితాలు. ట్రాఫిక్ పోలీసు బండి ఆపి ఆర్సీ, ఇన్సూరెన్సు అడిగినట్టే ఇక్కడా అడుగుతారు. విమానానికి ఏటా జరగాల్సిన తనిఖీ 12 నెలల్లోపు జరిగిందా, ట్రాన్స్‌పాండర్ పరీక్ష 24 నెలల్లోపు అయిందా... లాగ్‌బుక్కులో పేజీ తీసి చూపించాలి. అక్కడికక్కడ వెతుక్కుంటే చెమటలే. అందుకే ముందురోజే చీటీలు అంటించి పెట్టుకుంటారు.

అసలు కథ ప్రయాణ ప్రణాళికతో మొదలవుతుంది. ఫలానా ఊరికి వెళ్లాలి, నా బరువు ఇంత అని పరీక్షాధికారి ముందే చెబుతారు. అభ్యర్థి దారి గీసుకుని, వాతావరణం చూసుకుని, బరువు, ఇంధనం లెక్కలు వేసుకుని రావాలి. గమ్యం చేరాక పగలైతే ఇంకో అరగంటకు, రాత్రయితే 45 నిమిషాలకు సరిపడా ఇంధనం మిగలాలన్నది నిబంధన. అది బట్టీ కొట్టేయొచ్చు. కానీ ప్రశ్న అలా సూటిగా రాదు. ‘ఎదురుగాలి అనుకున్నదానికన్నా ఎక్కువుంది. వెనక సీట్లో స్నేహితుడు తొందరపెడుతున్నాడు. దారిలో దిగి ఇంధనం పోయించుకుంటారా, సాగిపోతారా?’ అని వస్తుంది. ‘ఖర్చంతా నేనే పెట్టుకుంటా, తీసుకెళ్లు అంటే?’ అని ఇంకోటి. అక్కడ ‘సరే’ అంటే చిక్కే... ప్రైవేటు పైలట్ తన వాటా తాను భరించాల్సిందే. రాత్రిపూట ఎవరినైనా ఎక్కించుకోవాలంటే గత 90 రోజుల్లో రాత్రివేళ మూడుసార్లు ఎగిరి, మూడుసార్లు దిగి పూర్తిగా ఆపి ఉండాలి.

ఇంత తరచి అడగడం చాదస్తం అనిపిస్తే 1999 జులై 16 రాత్రిని గుర్తుచేసుకోవాలి. మాజీ అధ్యక్షుడు కెన్నెడీ కుమారుడు జాన్ ఎఫ్.కెన్నెడీ జూనియర్ ఆ రాత్రి భార్యనూ ఆమె అక్కనూ ఎక్కించుకుని న్యూజెర్సీ నుంచి తనే విమానం నడుపుతూ బయల్దేరారు. ఆయనకున్నది ప్రైవేటు పైలట్ లైసెన్సే. బయటి దృశ్యం కనపడనప్పుడు పరికరాలను బట్టి నడిపే అర్హత ఇంకా రాలేదు. వాతావరణ నివేదికల ప్రకారం ఆ రాత్రి ఎగరడం తప్పేమీ కాదు. కానీ కింద నల్లటి సముద్రం, చుట్టూ మసక. మార్తాస్ వినియార్డ్ దీవి సమీపంలో ఏది పైనో ఏది కిందో తెలియని స్థితిలో విమానం అదుపు తప్పి నీళ్లలో పడిపోయింది. ముగ్గురూ చనిపోయారు. ‘ఎగరొచ్చా?’ అన్నది ఒక ప్రశ్న. ‘ఎగరాలా?’ అన్నది వేరే ప్రశ్న. పరీక్షాధికారి తిప్పితిప్పి అడిగేది రెండోదాన్నే.

తెలియనిదాన్ని తెలియదనడం ఈ గదిలో నేరం కాదు. ‘ఎక్కడుందో తెలుసు, చూసి చెబుతా’ అని పుస్తకం తెరవొచ్చు. అలాగని ప్రతిదానికీ తెరిస్తే కుదరదు. గాల్లో ఇంజిన్ ఆగిపోతే ఏం చేస్తావన్నప్పుడు పేజీలు తిరగేసేవాళ్లను ఎవరు పాస్ చేస్తారు! తయారీకి బాగా పనికొచ్చే చిట్కా ఒకటుంది. విమానాల గురించి ఏమీ తెలియని ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టి, వాళ్లకు అర్థమయ్యేలా పైకి చెప్పడం. మనసులో అంతా వచ్చినట్టే ఉంటుంది, నోరు తెరిస్తే తెలుస్తుంది ఎక్కడ ఆగిపోతున్నామో.

ఒక్కోసారి మౌఖికం పూర్తయ్యేసరికి బయట గాలి ముదురుతుంది. పరీక్షాధికారి ఏమీ అనరు, అభ్యర్థి వంకే చూస్తుంటారు. అప్పుడు ‘ఇవాళ ఎగరను’ అన్నంత మాత్రాన ఫెయిలైనట్టు కాదు. పరీక్ష మధ్యలో ఆగిందని ఒక లేఖ రాసిస్తారు. దాంతో మౌఖికంలో పాసైన భాగం 60 రోజులపాటు చెల్లుతుంది. ఆలోగా గాలి తగ్గిన రోజు చూసుకుని వచ్చి, నేరుగా విమానం దగ్గరికి నడవడమే.